గుండె బొమ్మలో తెగిన తీగ

ఈ వారం మీ ఉత్తరాలు పక్కన పెట్టి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఉత్తరాలకు జవాబు ఎగ్గొడుతున్నాననుకోకండి. ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో చాలావాటితో పాటు ఒక రంగుల బొమ్మ కూడా వస్తోంది. ఎర్రటి గుండె, దానిమీద తీగల్లా పాకిన రక్తనాళాలు, ఒకచోట బాణం గుర్తు. “డాక్టరుగారూ, ఈ బాణం గుర్తు ఉన్నచోట ఏమైంది? మావారికి ప్రమాదమా?” అని అడుగుతున్నారు. అలాంటి బొమ్మే మా బావగారి పేరుమీద మా ఇంటికి వచ్చినప్పుడు నేనేం చేశానో చెబితే, మీకు జవాబు అందులోనే దొరుకుతుంది. నేను చేసినదాంట్లో గొప్పగా చెప్పుకోవలసింది ఏమీ లేదు.

మా బావగారిది దివిసీమ. బడిపంతులుగా పనిచేసి రిటైరై గుడివాడలో స్థిరపడ్డారు. అరవై తొమ్మిదేళ్ళు. ఎనిమిదేళ్ళుగా మధుమేహం ఉంది. చుట్ట అలవాటు అంతకంటే పాతది. కార్తీక పౌర్ణమికి అక్కయ్యతో కలిసి బందరులో మా ఇంటికి వచ్చి, తెల్లవారుజామునే సముద్రస్నానానికి మంగినపూడి వెళ్ళారు. ఆ తీరం ఎరిగినవారికి తెలుసు, అక్కడ ఇసకకంటే నల్లమట్టి ఎక్కువ. తడిసిందంటే అడుగు వేసినప్పుడల్లా కాలు దిగబడుతుంది. స్నానం చేసి వెనక్కి నడుస్తుంటే ఆయనకు రొమ్ముమీద ఎవరో సన్నికల్లు పెట్టినట్టు అనిపించిందట. ఎడమ దవడ కూడా లాగిందట. కూర్చున్నారు. అయిదు నిమిషాల్లో తగ్గింది. “తెల్లవారుజామున కాఫీ తాగాను కదా, గ్యాసు” అని తీర్మానించుకుని, ఇంటికి వచ్చి శుభ్రంగా పులిహోర తిన్నారు. నాతో ఒక్కమాట చెప్పలేదు.

చెప్పింది అక్కయ్య. అదీ పదిహేను రోజుల తరవాత. గుడివాడలో మార్కెట్టునుంచి సంచీ మోసుకుని వస్తూ రెండుసార్లు అలాగే ఆగిపోయారని ఫోను చేసింది. నడిస్తే బరువు, నిలబడితే తగ్గుదల. వైద్యుడికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఏం కావాలి? గ్యాసు నడకకు రాదు, నిలబడితే పోదు. ఇ.సి.జి. తీయిస్తే బాగానే ఉంది. ఇక్కడ ఒక్కమాట గుర్తుంచుకోండి. తీరుబడిగా పడుకున్నప్పుడు తీసిన ఇ.సి.జి. బాగుందంటే గుండె రక్తనాళాలు బాగున్నాయని అర్థం కాదు.

గుండెజబ్బుల డాక్టరు చూసి, సి.టి. కరొనరీ యాంజియోగ్రాం తీయించమన్నారు. తొడలోనుంచో మణికట్టులోనుంచో సన్నని గొట్టం గుండెదాకా పంపి తీసే పాత పద్ధతి కాదిది. చేతి నరానికి సూది పెట్టి అయొడిను మందు ఎక్కించి, గుండ్రని యంత్రంలో పడుకోబెట్టి తీసేది. స్కానింగు ఒక ఊళ్ళో తీయించారు. ఏ ఊరో, ఎవరి దగ్గరో అనవసరం.

మర్నాడు సాయంత్రం అల్లుడు ఒక పెద్ద కవరు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. వెనకే అక్కయ్య, బావగారు. కవరులో నాలుగు పేజీల రిపోర్టు, ఒక సి.డి., మెరుపుకాగితం మీద అచ్చువేసిన ఆ రంగుల బొమ్మ. బొమ్మలో గుండె దానిమ్మపండు రంగులో నిగనిగలాడుతోంది. కుడివైపు రక్తనాళం పైనుంచి దిగివచ్చి, సగంలో కత్తితో కోసినట్టు తెగిపోయి, వెంట్రుకవాసి పక్కకు జరిగి మళ్ళీ మొదలయింది.

“అక్కడివాళ్ళు ఏమన్నారు?” అన్నాను.

“కౌంటరులో ఉన్న అబ్బాయి, ‘కుడి నాళం తెగినట్టుంది, ఆలస్యం చేయకండి, స్టెంటు వేయించుకోవాలేమో’ అన్నాడు మామయ్యా” అన్నాడు అల్లుడు. అప్పటికే దివిసీమలో మిగిలిన ఎకరం మీద అప్పుకోసం ఒకరితో మాట్లాడి వచ్చాడట. అక్కయ్య చేతులకు గాజులు లేవు. ఎందుకు లేవని నేను అడగలేదు.

బావగారు మటుకు నా మొహమే చూస్తున్నారు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో తాటిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ నిలిచిన మనిషి ఆయన. ఆ కథ ఎప్పుడు చెప్పినా నవ్వుతూ చెబుతారు. అలాంటి ఆయన ఆ కాగితం వంక చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నారు. “ఏమోయ్ డాక్టరూ, దాచకుండా చెప్పు” అన్నారు.

నేను చేసిన తప్పు ఇదీ. నాలుగు పేజీల రిపోర్టు చేతిలో ఉండగా, ముందు బొమ్మను చూశాను. బొమ్మ చూసి భయపడ్డాను. నా భయం వాళ్ళు చూశారు. ముప్ఫయ్యేళ్ళపైన రోగుల్ని చూసినవాణ్ణి, నా వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కౌంటరులోని కుర్రాడికి ఏమాత్రం తీసిపోలేదు. రిపోర్టులో “కుడి ధమని మధ్యభాగం కదలిక వల్ల సరిగా కనబడలేదు” అని ఒక వాక్యం ఉందని నాకు ఆ రాత్రి పదిగంటలకు గాని తెలియలేదు.

ఆ బొమ్మ ఎలా తయారవుతుందో కాస్త చెప్పనివ్వండి. తెలిస్తే సగం భయం పోతుంది.

సి.టి. యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు డాక్టరు కాదు, ఇంజనీరు. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీలో పనిచేసేవాడు. కుక్కబొమ్మ గ్రామఫోను రికార్డులు గుర్తున్నాయా? ఆ కంపెనీయే. 1971 అక్టోబరు 1న లండనులో వింబుల్డన్ దగ్గరున్న అట్కిన్సన్ మోర్లే ఆస్పత్రిలో ఒక రోగి మెదడును తొలిసారి అలా బొమ్మ తీశారు. 1979లో ఆయనకూ, లెక్కలు విడిగా కట్టిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెలు బహుమానం ఇచ్చారు. యంత్రం చేసే పని చూపులకు సామాన్యం. చుట్టూ తిరుగుతూ ఎక్స్‌రే కిరణాలు పంపి, శరీరాన్ని చిన్నచిన్న ఘనాలుగా విడగొట్టి, ఒక్కొక్క ఘనానికి ఒక అంకె వేస్తుంది. నీటికి సున్నా. గాలికి మైనస్ వెయ్యి. కొవ్వుకు సుమారు మైనస్ నూరు. అయొడిను కలిసిన రక్తానికి మూడు నాలుగు వందలు. ఎముకకు, సున్నపు గట్టిదనానికి ఇంకా పైన. అంతే. యంత్రానికి తెలిసినవి అంకెలే. దానికి ఎరుపు తెలియదు.

మరి ఆ దానిమ్మరంగు ఎక్కడిది? పెడన వెళ్ళి కలంకారీ అద్దకం చూసినవారు ఈ ప్రశ్న అడగరు. గుడ్డకు ఎరుపు పుట్టుకతో రాదు, అద్దేవాడు వేస్తాడు. ఇక్కడా అంతే. ఇన్ని అంకెలనుంచి ఇన్ని అంకెలదాకా ఎరుపు, ఆపైన తెలుపు, ఈ కిందివి అసలు కనబడనివ్వకు అని కంప్యూటరుకు చెబుతారు. మీట కొంచెం ఇటు తిప్పితే నాళం లావవుతుంది, అటు తిప్పితే సన్నబడుతుంది, ఇంకా తిప్పితే మాయమవుతుంది. గుండె మటుకు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఈ రకం బొమ్మ గీసే కిటుకును 1988లో లోకానికి విడమరిచి చెప్పినవారిలో ముఖ్యులు డ్రెబిన్, కార్పెంటర్, హన్రహాన్ అనే ముగ్గురు. వారు పనిచేసింది పిక్సార్‌లో, అంటే తరవాత పిల్లల బొమ్మల సినిమాలు తీసి పేరు తెచ్చుకున్న కంపెనీలో! సినిమా కళ మన గుండె మీదికి వచ్చిందన్నమాట. అందంగా ఉండక ఏమవుతుంది?

అక్కయ్యవాళ్ళు ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు. ఎవరూ నిద్రపోలేదనుకుంటాను. తెల్లవారి నేనూ అల్లుడూ సి.డి. తీసుకుని విజయవాడ బస్సెక్కాము. అక్కడ ఒకప్పుడు నా దగ్గర హౌస్ సర్జనుగా పనిచేసిన కుర్రాడు ఇప్పుడు రేడియాలజిస్టు. కుర్రాడంటున్నాను గాని అతనికీ జుట్టు నెరిసింది. రంగుల బొమ్మ అతని ముందు పెడితే దానివంక చూడనైనా చూడలేదు.

“ఇది చుట్టాలకు చూపించడానికి సార్. మేం చదివేది ఇది కాదు” అన్నాడు.

తెరమీద నలుపు తెలుపు కోతలు తీశాడు. అరమిల్లీమీటరు మందం, వందలకొద్దీ. అరటిదూటను చక్రాలుగా కోసి ఒక్కొక్కటే చూసినట్టు పైనుంచి కిందికి చూసుకుంటూ పోయాడు. కుడి నాళం తెగినట్టున్న చోటికి వచ్చి ఆగి, “సార్, గుండె అంచు చూడండి. నాళం ఒక్కటే కాదు, అదే మట్టంలో గుండె అంచు కూడా జరిగింది. నాళం తెగితే పక్కనున్న గోడ ఎందుకు జరుగుతుంది?” అన్నాడు.

నాకు చప్పున పెడన అచ్చులే జ్ఞాపకం వచ్చాయి. చాలా యంత్రాలు గుండెనంతా ఒక్కసారిగా పట్టలేవు. ఒక కొట్టుకోలులో కొంత, తరువాతి కొట్టుకోలులో కొంత, అలా ముక్కలుగా తీసి అతుకుతాయి. గుండె రెండు కొట్టుకోలుల నడుమ ఊపిరి పీల్చుకునే క్షణం ఉంటుంది చూశారా, ఇ.సి.జి. తీగల సాయంతో ఆ క్షణాన్నే పట్టుకుంటాయి. నడుమ ఒక కొట్టుకోలు తప్పుతాళంలో పడిందా, ఆ ముక్క గుండె వేరే భంగిమలో ఉండగా పడుతుంది. అద్దకంలో చెక్క అచ్చు వెంట్రుకవాసి జరిగితే తీగ అతుకు దగ్గర తెగినట్టు కనబడదూ? తెగింది తీగ కాదు, జరిగింది అచ్చు. రోగి నడుమ ఊపిరి వదిలినా ఇలాగే జరుగుతుంది. అప్పుడు ఛాతీ గోడ కూడా జరిగి కనబడుతుంది. పైగా కుడి నాళం మధ్యభాగం గుండె కొట్టుకునేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఊగే చోటు.

అల్లుడు అడిగాడు, “అయితే తెగలేదంటారా?” అని.

“అనను. ఈ సి.డి.తో అనలేను. తీసినచోట యంత్రంలో అసలు సమాచారం ఇంకా ఉంటుంది. కొద్దిరోజులే ఉంచుతారు, తరవాత చెరిపేస్తారు. ఇవాళే ఫోను చేసి, తప్పు కొట్టుకోలును తీసేసి వేరే దశలో మళ్ళీ కట్టి పంపమందాం” అన్నాడు. మళ్ళీ స్కాను అక్కరలేదు, మళ్ళీ మందు అక్కరలేదు. మా అదృష్టం, అసలు సమాచారం ఉంది, గుండె కొట్టుకునే కాలమంతా తీసి ఉంచారు. సాయంత్రానికి కొత్త బొమ్మలు వచ్చాయి. కుడి నాళం మొదటినుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా వచ్చింది.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. అల్లుడు బయటికి వెళ్ళి ఇంటికి ఫోను చేయబోతుంటే మా రేడియాలజిస్టు ఆపాడు.

“ఆగండి. నేనింకా ఎడమవైపు చెప్పలేదు.”

రంగుల బొమ్మలో ఎడమ ముందునాళం చక్కగా, నున్నగా, వేలు పెట్టి చూపించడానికి ఏమీ లేకుండా ఉంది. మేమెవరం దానివంక చూడనే లేదు. అతను ఆ నాళాన్ని వంపులు తీసి, మెలికలు సాపుచేసి, నిలువునా చీల్చినట్టు తెరమీద పరిచాడు. నాళం ఎన్ని వంకర్లు తిరిగినా దాని నడిమిగీత వెంట కోసి, మొదలునుంచి చివరిదాకా ఒక్క కాగితం మీద చూపే పద్ధతి ఇది. మన ప్రాంతంవారికి సులువుగా అర్థమవుతుంది. బందరు కాలువ గట్టుమీద నిలబడి చూస్తే నిండుగా పారే నీరే కనబడుతుంది. అడుగున ఎంత ఒండ్రు పేరుకుందో తెలియాలంటే నీళ్ళు కట్టేసి అడుగు చూడాలి. రంగుల బొమ్మ గట్టుమీదనుంచి చూసినట్టు. ఇది అడుగు చూసినట్టు.

ఎడమ నాళం గోడలో, మొదలుకు కొంచెం కిందగా, బూడిదరంగు మచ్చ. మెత్తని కొవ్వు పూడిక. నాళం గోడ బయటికి ఉబ్బి దానికి చోటిచ్చింది, అందుకే పైపైన నున్నగా కనబడుతోంది. లోపలి దారి సుమారు సగం మూసుకుంది. పక్కన చిన్న తెల్లచుక్క, సున్నం. “ఆయనకు నడకలో వచ్చే నొప్పికి దీన్ని అనుమానించాలి సార్. కుడిదాన్ని కాదు” అన్నాడు.

తెల్లచుక్క సంగతి కూడా ఒక్కమాట. గట్టిపడిన సున్నం ఈ బొమ్మల్లో అసలుకంటే పెద్దదిగా కనబడుతుంది. రాత్రిపూట మంగినపూడి లైటుహవుసు దీపం చూస్తే, దీపంకంటే దాని చుట్టూ వెలుగు ఎక్కువ కనబడుతుంది కదా, అలాగే. మొదట్లోనే మూడు నాలుగు మిల్లీమీటర్లుండే నాళంలో ఘనం ఒక్కొక్కటి అరమిల్లీమీటరు. అంటే అడ్డంగా ఆరో ఎనిమిదో ఘనాలు. ఒక ఘనం అటూయిటూ అయితే ‘సగం పూడిక’ ‘ముప్పావు పూడిక’ అవుతుంది. సున్నం బాగా పేరుకున్న ముసలివారిలో ఈ పరీక్ష పూడికను ఎక్కువచేసి చూపడానికి కారణం ఇదే. ఈ పరీక్ష అసలు బలం మరోచోట ఉంది. బొమ్మ స్పష్టంగా వచ్చి, నాళాలు శుభ్రంగా ఉన్నాయని తేలితే ఆ మాటను చాలావరకు నమ్మవచ్చు.

గుండెజబ్బుల డాక్టరు కొత్త రిపోర్టు చూసి, బావగారికి గుండెమీద భారం పెట్టి చేసే పరీక్ష ఒకటి చేయించారు. దాన్నిబట్టి, ముందు మందులతో చూద్దాం, నొప్పి లొంగకపోతే అప్పుడు స్టెంటు సంగతి ఆలోచిద్దాం అన్నారు. కొవ్వు తగ్గించే స్టాటిన్ బిళ్ళ, ఆస్పిరిన్, గుండె వేగం తగ్గించే బిళ్ళ, మధుమేహానికి కట్టుదిట్టం, చుట్ట బందు. “ఇంతేనా?” అన్నట్టు చూశాడు అల్లుడు. ఎకరం అమ్మడానికి సిద్ధపడినవాడికి బిళ్ళల చీటీ తేలికగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. కాని స్కాట్లండులో 4,146 మంది ఛాతీనొప్పి రోగులమీద జరిగిన పరిశీలన ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు వైద్యానికి తోడు ఈ సి.టి. పరీక్ష కూడా జరిగినవారిలో అయిదేళ్ళలో గుండెజబ్బుతో చనిపోయిన, లేదా గుండెపోటు వచ్చినవారు నూటికి 2.3. పరీక్ష లేనివారిలో 3.9. విశేషం ఏమిటంటే, అయిదేళ్ళు గడిచేసరికి స్టెంట్లు, ఆపరేషన్లు రెండు పక్షాలవారికీ ఇంచుమించు సమానమే. తేడా తెచ్చింది, పూడిక కంటబడ్డాక సరైనవారికి సరైన బిళ్ళలు అందడమేనని ఆ పరిశీలన చేసినవారి అభిప్రాయం.

ఇక మీ ఇళ్ళకు పనికొచ్చే మాటలు కొన్ని.

ఒంట్లో ఏ బాధా లేనివారు పండగ ప్యాకేజీ ఉంది గదా అని ఈ స్కాను తీయించుకోవద్దు. ఎక్స్‌రే కిరణాలు ఊరికే ఒంట్లోకి పోనివ్వడం ఎందుకు? అలాగే, కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే ఈ స్కాను కోసం ఊళ్ళు తిరగకండి. 108కి ఫోను చేసి నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. నడిస్తే వచ్చి ఆగితే పోయే బరువు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. స్కాను అవసరమా, కాదా అని నిర్ణయించేది ఆయన.

తీయించుకోవలసివస్తే, ఆ రోజు కాఫీ, టీ, చుట్ట, సిగరెట్టు వద్దు. గుండె వేగం నిమిషానికి అరవై, అరవై అయిదు దాటకుండా ఉంటే బొమ్మ బాగా వస్తుంది, అందుకు బిళ్ళ ఇస్తారు. ఉబ్బసం ఉంటే ఆ బిళ్ళకు ముందే చెప్పాలి. నాలుక కింద నాళాలు విప్పారే మందు వేస్తారు. పురుషులు దాంపత్య సామర్థ్యానికి బిళ్ళలేమైనా వేసుకుంటుంటే సిగ్గుపడకుండా చెప్పి తీరాలి, రెండూ కలిస్తే రక్తపు పోటు ప్రమాదకరంగా పడిపోతుంది. మూత్రపిండాల పరీక్ష ముందే చేయించాలి. ఇదివరకు స్కాను మందు పడకపోతే చెప్పాలి. మధుమేహం బిళ్ళలు ఆపాలో వద్దో డాక్టరునే అడగండి. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది, కంగారుపడవద్దు. అన్నిటికంటే ముఖ్యం ఊపిరి బిగబట్టడం. ముందురోజు ఇంట్లోనే గడియారం ముందు కూర్చుని పదిహేను సెకన్లు కదలకుండా బిగబట్టడం అలవాటు చేసుకోండి. మా బావగారిని అడిగితే, తీసేటప్పుడు దగ్గు వచ్చిందనీ, బలవంతాన ఆపుకున్నాననీ అప్పుడు చెప్పారు!

బొమ్మ చేతికి వచ్చాక దాన్ని కవరులోనే ఉంచండి. రిపోర్టు చదివించుకోండి. ‘స్పష్టంగా కనబడలేదు’ అన్న వాక్యం ఉందేమో వెదకండి. ఉంటే, “మరో దశలో మళ్ళీ కట్టి చూశారా?” అని ఆ రెండు మూడు రోజుల్లోనే అడగండి. అలా అడగడం ఎవరినీ అవమానించడం కాదు.

అక్కయ్య గాజులు మళ్ళీ చేతులకు వచ్చాయి. మాఘ పౌర్ణమికి బావగారు మళ్ళీ మంగినపూడి వచ్చారు. ఈసారి నేనూ వెంట వెళ్ళాను, నాలుక కింది బిళ్ళలు జేబులో వేసుకుని. ఆ నల్లమట్టిలో నీటి అంచునుంచి రోడ్డుదాకా ఆయన నెమ్మదిగా నడిచారు, ఆగలేదు. మధ్యలో అలవాటుగా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. చుట్ట లేదు. నావైపు కోపంగా చూసి మళ్ళీ నడక సాగించారు.